తొట్టి కనిపించని షీటు

ఇంతవరకు నా మాట ఎవరూ పట్టించుకోలేదు. ముందు ఆ సంగతి చెప్పుకోవాలి. అది చెప్పకుండా మిగతాది చెప్పడం నా వల్ల కాదు.

మా ఊరి కుళాయికి నీళ్లు రావడం లేదని రాశాను. జవాబు లేదు. విజయనగరం బస్సు మా స్టాపులో ఆగకుండా వెళ్లిపోతోందని రాశాను. జవాబు లేదు. ఐటీఐలో నాకు రావలసిన మొదటి స్థానం ఇంకొకడికి ఎలా వెళ్లిందో అడుగుతూ రాశాను. దానికీ లేదు. మా ఊళ్లో నన్ను దూరం నుంచి చూసి, అర్జీలోడు వస్తున్నాడు తలుపెయ్యండి అని నవ్వుకుంటారు. నవ్వినవాళ్ల పేర్లు నాకు తెలుసు. మర్చిపోయే అలవాటు నాకు లేదు.

ఈ ఏడాది ఇంకో ఫిర్యాదు చేశాను. ఇది నా మీద నేనే చేసుకున్నది. ఒకాయన విని నవ్వాడు. ఒకాయన నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అసలు వినవలసిన మనిషి నమ్మలేదు. పరుల మీద చెప్తే వినలేదు, సరే. నా తప్పు నేనే చెప్తానంటే కూడా వినరా?

అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. చాలా ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. గుండెలో రాయి అంటారు గాని, నాకైతే అలా లేదు. పంటి సందులో ఇరుక్కున్న ముల్లులా ఉంది. ఏది తింటున్నా, ఎవరితో మాట్లాడుతున్నా, నాలుక మళ్లీ అక్కడికే పోతుంది.

అప్పటికి రాష్ట్రం విడిపోలేదు. విజయనగరంలో మందుల షాపు మేడ మీద ఒక ఇంజనీరుగారి ఆఫీసుండేది. ఇళ్ల ప్లాన్లు, కల్యాణ మండపాలు, రైసుమిల్లు షెడ్లు, అన్నీ గీసేవాళ్లం. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ పూర్తిచేసి అక్కడ చేరాను. మాది భోగాపురం పక్క సముద్రపు ఒడ్డు. నాన్న వేటకి వెళ్లేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. నా క్యారియరు మూత తీస్తే ఆఫీసంతా నెత్తళ్ల వాసన వస్తుందని ఇంజనీరుగారు నన్ను మెట్ల మీద కూర్చుని తినమన్నారు. ఇదీ నేను మర్చిపోలేదు.

రెండో రోజు ఆ మెట్ల మీదకి ఒకావిడ తన డబ్బా పట్టుకుని వచ్చింది. నాకన్నా కొన్నేళ్లు పెద్దది. ఆఫీసులో ఆవిడే సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్. పేరు ఇక్కడ సలోమి అనుకోండి. శృంగవరపుకోట వైపు ఒక ఊరు, బాప్టిస్టు కుటుంబం. తండ్రి రిటైరైన మాస్టారు, ఆ ఊరి చర్చి సంఘానికి పెద్ద. ఆవిడ నా పక్కన కూర్చుని, తన పప్పు నాకు వేసి, నా నెత్తళ్లు తను తీసుకుంది. నన్ను తమ్ముడూ అంది. నేను సలోమక్కా అన్నాను. ఆ ఆఫీసులో నన్ను వరసపెట్టి పిలిచిన మనిషి ఆవిడొక్కతే.

పని కూడా ఆవిడే నేర్పింది. అందులో ఒక పని గురించి మీకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా తప్పు అక్కడే పుట్టింది. కంప్యూటర్లో క్యాడ్ అనే దానిలో బిల్డింగును అసలు కొలతలతో ఒకచోట గీస్తాం. దాన్ని కాగితం మీదకి తేవడానికి లేఅవుట్ అని పక్కనే ఇంకో చోటు ఉంటుంది. అదే కాగితం అనుకోండి. ఆ కాగితానికి కిటికీలు కోస్తాం. కిటికీలోంచి చూస్తే అవతలున్న బిల్డింగు కనిపిస్తుంది. గోడలు ఒక లేయరు, అంటే ఒక పొర, తలుపులు ఒక లేయరు, నేల కింద ఉండే తొట్లూ గొట్టాలూ ఇంకో లేయరు. ఏ కిటికీలోంచి ఏ లేయరు కనపడకూడదో మనమే మూసెయ్యొచ్చు. మూసినంత మాత్రాన గీసింది చెరిగిపోదు. ఆ కిటికీలోంచి మాత్రం కనపడదు.

ప్రతి బిల్డింగుకీ ఈ కాగితాన్ని మొదటినుంచీ తయారు చెయ్యడం విసుగు పని. సలోమక్క అలా చేసేది కాదు. పాత డ్రాయింగులో బాగా కుదిరిన లేఅవుట్‌ని ఉన్నదున్నట్టు కొత్త డ్రాయింగులోకి తెచ్చేసేది. చుట్టూ గీతల చట్రం, కిటికీలు, స్కేలు, కింద మూలనుండే పేర్ల గడులు, అన్నీ దానితో వచ్చేస్తాయి. కిటికీ అవతల మాత్రం కొత్త బిల్డింగు నిలబడి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు గారడీలా అనిపించింది. నేర్పుతూ ఆవిడ ఒక మాట అంది.

“అరువు సొక్కా తొడుక్కున్నట్టు ఇది, తమ్ముడూ. ముందు జేబులు తడువుకోవాల. ఎవుడి బీడీలు ఉండిపోనాయో సూసుకోవాల.”

నేను నవ్వాను. తడుముకోవడం మాత్రం నేర్చుకోలేదు.

పేర్ల గడుల్లో “గీసినవారు” అని ఒకటి ఉంటుంది. సలోమక్క చేసిన షీట్లలో అక్కడ ఆవిడ పొడి అక్షరాలుండేవి. నేను చేసిన షీట్లలో ఆ గడి ఖాళీగా ఉంచమనేవారు. పగలంతా గీసి, కళ్లు మండి, చివరికి ఆ ఖాళీ గడి చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇంజనీరుగారిని అడిగాను. మళ్లీ అడిగాను. ఇంకోసారి అడిగినప్పుడు ఆయన అందరూ వినేలా, “నీ పేరు సూసి గోడలు లెగుస్తాయేటిరా?” అన్నారు.

ఆఫీసంతా నవ్వింది. సలోమక్క కూడా నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. నలుగురూ నవ్వితే కలిసే నవ్వు. వెంటనే తల దించుకుని పనిలో పడింది. మిగతావాళ్ల నవ్వులు ఎటో పోయాయి. ఆవిడది మాత్రం నేను దాచుకున్నాను. ఎందుకు? మిగతావాళ్లెవరూ నాతో మెట్ల మీద కూర్చోలేదు కాబట్టా? మనవాళ్లు అనుకున్నవాళ్ల నవ్వే ఎక్కువ గుచ్చుకుంటుంది కాబట్టా? ఏమో. దాచుకున్నాను, అంతే.

ఆ తర్వాత వచ్చిన పనే సలోమక్క వాళ్ల ఊరి చర్చి.

పాత చర్చి పెంకులది, కురిసేది. కాని వాళ్లు కొత్తది కట్టుకోవాలనుకున్నది కురిసినందుకు కాదు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిసినవే. బాప్టిస్టుల్లో బాప్తిస్మం అంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లడం కాదు, మనిషి మొత్తం నీళ్లలో మునిగి లేవాలి. తరాలుగా వాళ్లు ఊరి పక్క వాగులో, మేం గెడ్డ అంటాం, అందులో మునిగేవారు. ఇసుక తవ్వకాలతో గెడ్డలో గోతులు పడ్డాయి, ఎక్కడ లోతో తెలియదు. ఎండాకాలం బురదే మిగిలేది. వంతెన మీద కుర్రాళ్లు చేరి, తడి బట్టలతో లేచే ఆడవాళ్లను చూసి కూతలు కూసేవారు. అందుకని చర్చి లోపలే తొట్టి ఉండాలని సంఘమంతా కోరుకుంది. ప్రసంగం చేసే వేదిక కిందే తొట్టి. ఒకవైపు మెట్లు దిగి మునగాలి, రెండోవైపు మెట్లెక్కి బయటికి రావాలి. మామూలు ఆదివారాల్లో పైన చెక్కలు పరిచి తివాచీ వేసుకుంటారు.

ఆ బిల్డింగును సలోమక్క ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. తన ఊరు, తన చర్చి, సంఘ పెద్ద తన తండ్రి. తొట్టిని తునకల గీతతో, మెట్టు మెట్టూ గీసింది. మునిగే వాళ్లలో ముసలివాళ్లుంటారని మెట్ల ఎత్తు తగ్గించింది. నేల కింద ఉండేది కాబట్టి నేల కింద లేయరులో పెట్టింది. అన్నీ సరిగ్గానే చేసింది. ఈ మాట నొక్కి చెబుతున్నాను. అన్నీ సరిగ్గానే చేసింది.

బిల్డింగు గియ్యడం అయింది, పైకప్పు షీటు, బయటి గోడలు చూపించే ఎలివేషన్ల షీట్లు కూడా అయ్యాయి. నేల షీటు, పునాది షీటు మిగిలుండగా వాళ్ల నాన్నగారికి కంటి ఆపరేషను పడింది. ఆవిడ ఆస్పత్రికి పరుగెత్తింది. ఏ పని అయిందో ఏది మిగిలిందో ఎవరికీ అప్పజెప్పే తీరిక లేకపోయింది. కాంట్రాక్టరు తొందరపెడుతున్నాడు. ఇంజనీరుగారు మెట్లు దిగుతూ, మిగిలినవేవో లాగించెయ్యమని నాకు చెప్పి వెళ్లిపోయారు. చెప్పిన సంగతి ఆయనకి బండి ఎక్కేసరికే గుర్తులేదని నా అనుమానం.

నేను సలోమక్క నేర్పిన పనే చేశాను. ఆవిడే చేసిన ఒక కల్యాణ మండపం డ్రాయింగులోంచి లేఅవుట్‌ని చర్చి డ్రాయింగులోకి తెచ్చాను. ఆ మండపానికి నేల కింద సంపు, గొట్టాలు వేరే షీటులో చూపించారు. అందువల్ల ఈ షీటు కిటికీలో నేల కింద లేయరు మూసి ఉంది. కిటికీతోపాటు ఆ మూతా వచ్చింది. కిటికీ అవతల కొత్త చర్చి నిలబడింది. గోడలున్నాయి, తలుపులున్నాయి, వేదిక ఉంది. వేదిక కింద తొట్టి లేదు. ఉందన్న సంగతి నాకు తెలిస్తే కదా వెతకడానికి? అలాంటి చర్చిలోకి నేనెప్పుడూ అడుగుపెట్టలేదు. వేదిక వేదికలాగే ఉంది. పునాది షీటుకీ అదే లేఅవుట్ వాడాను.

ఇది పొరపాటు. ఎవరైనా చేస్తారు. మీకు నేను రాస్తున్న ఈ కాగితం దాని గురించి కాదు.

మండపం పేరు తీసి చర్చి పేరు పెట్టాను. షీటు నంబరు మార్చాను. మండపం తూర్పు ముఖం, చర్చి ఉత్తరం ముఖం. అందుకని ఉత్తర దిక్కు బాణం గుర్తును తిప్పి సరిచేశాను. తేదీ గడిని ఎప్పుడూ ఇంజనీరుగారే సంతకం పెట్టేటప్పుడు నింపేవారు, దాన్ని ముట్టుకోలేదు. చివరికి “గీసినవారు” దగ్గరికొచ్చాను. అక్కడ సలోమక్క పొడి అక్షరాలున్నాయి. అవి మండపం నుంచి వచ్చినవి. నేను చెరిపెయ్యాలి. నా షీటు కాబట్టి ఖాళీ చెయ్యాలి.

వాటిని చూస్తూ కూర్చున్నాను. చెరపలేదు.

ఇన్నేళ్లూ నాకు నేను ఏం చెప్పుకున్నానో తెలుసా? బిల్డింగు గీసింది ఆవిడే, చర్చి ఆవిడది, పేరు ఉండడం న్యాయమే, గౌరవం కొద్దీ ఉంచాను అని. అబద్ధం. నాకు ఆ క్షణంలో గౌరవం లేదు, ఉక్రోషం ఉంది. చేసింది నేనైతే ఖాళీ గడి, అదే ఆవిడైతే పేరు. అయితే ఇదీ ఆవిడకే పోనీ, నవ్వింది కదా, నా చాకిరీ కూడా ఆవిడ పేరు మీదే పోనీ అనుకున్నాను. ఆవిడకి హాని చెయ్యాలని కాదు. నన్ను నేను ఇంకాస్త అన్యాయమైపోయినవాణ్ని చేసుకోవడానికి. అందులో ఒక తీపి ఉంటుంది, మీకు తెలిసే ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా ఎత్తిచూపడానికి పనికొచ్చే అన్యాయం అది.

సలోమక్క తిరిగొచ్చేసరికి షీట్లు సంతకమై వెళ్లిపోయాయి. ఆవిడ బల్ల మీద వేరే పనులు పేరుకుని ఉన్నాయి. చర్చి షీట్లు వెళ్లాయా అని ఎవర్నో అడిగింది, వెళ్లాయన్నారు. అంతే.

నెలలు గడిచాయి. తాపీ మేస్త్రి షీటులో ఉన్నట్టే కట్టాడు. వేదికలో రాళ్లూ గ్రావెలూ దట్టించి పైన కాంక్రీటు పోశాడు. తొట్టి వేదిక కిందే కదా ఉండేది, మూసే ఉంటుంది కదా అని సంఘంలో ఎవరికీ అనుమానం రాలేదు. చివర్లో తొట్టి మీద పరిచే చెక్కల కొలతకి వడ్రంగి వచ్చాడు. టేపు పట్టుకుని వేదికంతా తిరిగి, గొయ్యి ఎక్కడండీ అని అడిగాడట.

మర్నాడు సలోమక్క తండ్రి మాస్టారు, కాంట్రాక్టరు ఇద్దరూ ఆఫీసుకొచ్చారు. షీటు బల్ల మీద పరిచారు. ఇందులో తొట్టెక్కడుందో చూపిస్తే మీ కాళ్లు పట్టుకుంటానని కాంట్రాక్టరు అన్నాడు. ఇంజనీరుగారు కంప్యూటరులో డ్రాయింగు తెరిచారు. బిల్డింగులో తొట్టి ఉంది, మెట్లతో సహా. లేఅవుట్ కిటికీలో లేదు. ఆయన వేలు షీటు మీద మెల్లగా జరుగుతూ కింద మూలకి వచ్చి, పొడి అక్షరాల మీద ఆగింది. మాస్టారు కూడా ఆ వేలి వెంట చూశారు.

సలోమక్క వంగి చాలాసేపు చూసింది. పాత డ్రాయింగులోంచి లేఅవుట్ తేవడం ఆవిడ పద్ధతి. ఆ మండపం ఆవిడది. ఆ అక్షరాలు ఆవిడవి. ఆఫీసులో అందరం ఒకే పేరుతో కంప్యూటర్లలోకి వెళ్లేవాళ్లం, కాబట్టి ఎవరు చేశారో అందులో తేలదు. ఆవిడ తల తిప్పి నావైపు చూసింది.

“తమ్ముడూ, ఈ షీటు నేనే సేసేనేటి? నాన్న ఆస్పత్రి గొడవలో నాకు గురుతు రావట్లేదు.”

నన్ను ఇరికించడానికి అడగలేదు. నిజంగా తెలియక, తెలిసినవాణ్ని అడిగినట్టు అడిగింది.

“నువ్వే సేసేవక్కా.”

“అయితే నేనే.”

అంతే జరిగింది. ఇన్నేళ్లుగా నా నాలుక తిరిగి తిరిగి పోయేది ఆ నా మాట దగ్గరికే.

ఆవిడ ఎదురుతిరిగితే ఏమయ్యేది? నాకు రుజువులు సిద్ధంగా ఉన్నాయి, గొంతు పెంచడానికి ఊపిరి కూడా తీసుకున్నాను. అక్కర్లేకపోయింది. కుళాయి గురించి, బస్సు గురించి, మార్కుల గురించి లోకం మీద అరిచినవాణ్ని. నోరు తెరవాల్సిన ఒక్క చోట నిజం చెప్పడానికి తెరవలేదు. భయమా? ఉద్యోగం పోతుందనా? కొంత అదే. కాని ఇంకోటి కూడా ఉంది. ఆ అక్షరాల మీద వేలు ఆగినప్పుడు నాలో ఎక్కడో, చూశారా పేరు పెట్టుకుంటే ఏమవుతుందో, అన్న చిన్న సంతోషం కదిలింది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడాది ఇంజనీరుగారికి చెప్పినప్పుడూ, ఆ చర్చి పాస్టరుగారికి చెప్పినప్పుడూ దీన్ని మింగేశాను. మీకు చెప్పేశాను.

మాస్టారు కూతుర్ని ఒక్క మాట అనలేదు. అందరికీ చేతులు జోడించి తప్పు మా ఇంటిదే అన్నారు. ఆ ఆదివారం సంఘ పెద్ద పని వదులుకుని, వెనక చాప మీద కూర్చున్నారని విన్నాను. సలోమక్క చేతిలో ఉన్న పనులు పూర్తిచేసి మానేసింది. వెళ్లేరోజు నా దగ్గరికొచ్చి, జాగ్రత్తగా పనిచేసుకోమని, నాలాగా తొందరపడకని చెప్పింది. నాలాగా అంది.

ఆ ఏడు వాళ్లు మళ్లీ గెడ్డలోకే వెళ్లారు. తర్వాత చర్చి వెనక రేకుల షెడ్డు కింద ఒక తొట్టి కట్టుకున్నారు. వేదిక కింద రాళ్లు అలాగే ఉన్నాయి.

నాకేమైందో కూడా చెప్పాలి. సలోమక్క కుర్చీ నాకిచ్చారు. “గీసినవారు” గడిలో నా అక్షరాలు పెట్టుకోమన్నారు. ఏళ్ల తరబడి అడిగింది అదే కదా? మొదటి షీటు ప్రింటు తీశాక ఆ మూల వైపు చూడకుండా చుట్టేశాను.

తర్వాత భోగాపురంలో విమానాశ్రయం వస్తుందన్న మాట పుట్టి, స్థలాల కొలతలకీ ప్లాన్లకీ గిరాకీ పెరిగింది. నేను బయటికొచ్చి అక్కడే చిన్న గది తీసుకుని సొంతంగా మొదలుపెట్టాను. నా దగ్గర పని ఆలస్యమవుతుందని పేరుంది. ఎందుకంటే పాత లేఅవుట్ తేవడం మానేశాను. ప్రతి షీటూ తెల్లకాగితం నుంచి మొదలుపెడతాను. ఎందుకని అడిగినవాళ్లకి అది నా పద్ధతి అని చెబుతాను. పద్ధతి కాదు, జడుపు.

ఇలాగే పోయేది. ఈ ఏడాది ఆ పాత కాంట్రాక్టరు నా గదికొచ్చాడు. ఆ ఊరి చర్చి పక్కన పిల్లలకి సండే స్కూలు గది కడతారట. సంఘంలో ఆడవాళ్లు, కుర్రాళ్లు, కొత్త పాస్టరుగారు అందరూ కలిసి శృంగవరపుకోటలో సలోమక్క ఇంటికెళ్లి, నువ్వే గియ్యాలని అడిగారట. ఆవిడ ఇప్పుడు ఇంట్లో పిల్లలకి లెక్కలు చెబుతోంది. ఆ ఆఫీసు వదిలాక ఒక్క గీత గియ్యలేదట.

“ఏటందో తెలుసా?” అన్నాడు కాంట్రాక్టరు. “నా సెయ్యి మంచిది కాదండి, ఇంకెవుళ్లసేతైనా గీయించుకోండి అనీసింది. మేం ఎప్పుడో మర్సిపోనాం, ఆ పిల్లే ఒగ్గట్లేదు. నువ్వు గీసీ బాబూ.”

నన్ను గియ్యమన్నాడు.

ఆవిణ్ని వాళ్ల ఊరు నిందించడం లేదు. ఏనాడో వదిలేసింది. ఆవిడే తన చేతిని నమ్మడం మానేసింది, నేను అన్న ఒక్క మాట నమ్మి. ఉద్యోగం పోవడం కన్నా, మాస్టారు వెనక చాప మీద కూర్చోవడం కన్నా ఇది పెద్దదని నాకు అప్పుడు తెలిసింది. మెట్టెత్తు తగ్గించాలని తట్టిన చెయ్యి అది. నేను ఆ చేతిని ఆవిడ నుంచి తీసేసుకున్నాను.

గియ్యనని కాంట్రాక్టరుకి చెప్పేశాను. ఎందుకో కూడా చెప్పేశాను. అలా బయటపడుతుందని నేనూ అనుకోలేదు. ఆయన నోరెళ్లబెట్టి, కుర్చీ జరుపుకుని, నన్ను అసహ్యంగా చూశాడు. ఆ చూపు నాకు హాయిగా ఉంది. అన్నేళ్ల తర్వాత నన్ను ఎవరో సరిగ్గా చూశారు.

తర్వాత ఇంజనీరుగారికి ఫోను చేశాను. నవ్వి, ఇప్పుడేటి లాభంరా, ఆ పిల్ల ఎప్పుడో మర్సిపోనుంటాది అన్నారు. పాస్టరుగారి దగ్గరికెళ్లాను. ప్రార్థన చేసి టీ ఇప్పించారు. సమయం చూసి సలోమక్కకి చెబుతానన్నారు. ఇంకా సమయం చూస్తూనే ఉన్నారు. చివరికి సలోమక్క నంబరు సంపాదించి అంతా మెసేజి రాశాను. చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. కొన్నాళ్లకి కాంట్రాక్టరు చెప్పాడు, ఆవిడ ఏమందో. పాపం మంచోడు, మెట్ల మీద కలిసి తిన్నాం కదా, నాకోసం తప్పు తన నెత్తిన ఏసుకుంటన్నాడు అని వాళ్ల నాన్నతో అందట.

చూశారా? నా జీవితంలో నన్ను మంచివాడనుకున్న ఒకే ఒక్క మనిషి, ఎప్పుడు అనుకుందో చూశారా?

ఇక్కడ మాత్రం ఊరుకోలేను. సలోమక్కా, ఈ కాగితం ఎవరి చేతనో నీ దాకా వస్తుంది, రాకపోతే నేనే తెస్తాను. నేను జాలితో అబద్ధం చెప్పే మనిషిని కాదు. జాలి నాకు అలవాటు లేదు, నీకూ తెలుసు. నువ్వు చేసిన పైకప్పు షీటు తీసి చూడు. అందులో ఉత్తరం బాణం పక్క అక్షరం నువ్వు ఎప్పుడూ పెట్టినట్టు నిటారుగా ఉంటుంది. నేల షీటులో బాణం చూడు, మండపం నుంచి వచ్చి పక్కకి తిరిగి ఉంటుంది. తిప్పినప్పుడు దాని పక్క అక్షరం కూడా పడుకుండిపోయింది. నేను నిలబెట్టడం మర్చిపోయాను. నువ్వు అలా వదిలేసే దానివి కాదు. ఆ షీట్ల కాపీలు మాస్టారు ఇనప్పెట్టెలో దాచారని కాంట్రాక్టరు చెప్పాడు. ఆయన చూపు ఇప్పుడు బాగుందట. ఆయన్నే చూడమను. నీ మాట వద్దు, నా మాట వద్దు. కాగితమే చెబుతుంది.

క్షమించమని అడగను. క్షమిస్తే తీసుకోవడం నాకు రాదు. ఇప్పుడు నా ఒంట్లో ఒక తేలిక ఉంది. ఎందుకో నిన్నంతా నవ్వుమొహంతో తిరిగానని మా ఆవిడ అంది. అది క్షమాపణ వల్ల వచ్చింది కాదు, ఎవరూ ఇవ్వలేదు. చెప్పేశాను కాబట్టి వచ్చింది. అది నాకు చాలు.

నీకు మాత్రం అది చాలదు, నాకు తెలుసు. పిల్లలు ఆదివారం చర్చి అరుగు మీద ఎండలో కూర్చుంటున్నారట. ఆ గది నీ చేత్తో తప్ప ఇంకెవరి చేత్తోనూ లేవకూడదని సంఘం పట్టుపట్టి కూర్చుంది. కాంట్రాక్టరు ఇంకొకర్ని వెతకడం మానేశాడు. నా మీద కోపం ఉంటే ఉంచుకో, తిట్టాలనుంటే తిట్టు, మాస్టారు చేత తిట్టించు. కాని నాకు ఒక్కదానికి జవాబు కావాలి, ఈసారి మౌనంగా ఊరుకుంటే ఒప్పుకోను. ఆ పిల్లల గది గీస్తావా, గియ్యవా? చెప్పు.